స్వచ్ఛంద సమాజములందు నాయకత్వ సంక్రమణము: స్వేచ్ఛా సాఫ్టువేరు చరిత్ర ననుసరించి ఒక పరిశీలనము

రాజ్యములందు రాజు గతించినపుడు వారసుడెవ్వడను ప్రశ్న పుట్టుట లోకప్రసిద్ధము. రాజ్యాధికారమునకు సైన్యము, కోశము, శాసనము అండగా నుండును. ఉద్యోగాలయములందు పై యధికారి నియమించినవాడు క్రిందివారికి పెద్ద యగును. వేతనము వారిని కట్టి యుంచును. కాని శాసనబలము లేక, ఒకరి కొకరు సేవకులు కాక, తమ యిచ్ఛచేత వచ్చి తమ యిచ్ఛచేత పోగల మనుష్యులు కూడి చేయు కార్యమునకు నాయకుడెట్లేర్పడును? మొదటి నాయకుడు అలసినపుడు, లేక తొలగినపుడు, రెండవవాని నెవ్వరు, ఏ యధికారముచేత నిర్ణయింతురు? గడచిన నలువది సంవత్సరములందు ఈ ప్రశ్న స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమున పలుమారులు పుట్టినది, పలువిధములుగా పరిష్కృతమైనది, కొన్నిచోట్ల పరిష్కృతము కాక అనర్థమునకు దారితీసినది. ఆ చరిత్రను మన ప్రాంతపు స్వచ్ఛంద సంస్థల చరిత్రతో ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుట యీ వ్యాసమున మేము తలపెట్టిన కార్యము.

తెలుగు శాఖవారి పరిశోధన పత్రికలో నిట్టి విషయమునకు స్థానమేల యని కొందరు సందేహింపవచ్చును. పూర్వము మన కావ్యములు తాళపత్రములపై నుండెడివి. ప్రతులను వ్రాయువారు తరతరమునకు తిరుగవ్రాసినంతకాలమే అవి నిలిచినవి. వ్రాయువారు లేనిచోట చెదలపాలైనవి. నేడు తెలుగు లిపి కంప్యూటరు తెరపై సరిగా కూర్పబడుటకు, తెలుగున విజ్ఞానసర్వస్వము పెరుగుటకు, కంప్యూటరు తెలుగు మాటలతో మనలను పలుకరించుటకు ఆధారమైన పనిముట్లలో పెక్కింటిని కొలదిమంది కార్యకర్తలు నిలబెట్టుచున్నారు. హుజూరాబాదున సెల్‌ఫోనుపై తెలుగులో జాబు వ్రాయు విద్యార్థికి ఈ సంగతి తెలియకపోవచ్చును. కాని యా ఫోను ఆండ్రాయిడ్ జాతిదైనచో దాని మూలమున లినక్స్ కలదు. లినక్స్ ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. ఇట్టి పనిముట్లను నేడు కాపాడువారి తరువాత కాపాడువారెవ్వరను ప్రశ్న కేవలము సాంకేతికము కాదు; అది భాషాప్రశ్న కూడ నగును.

పారిభాషిక విచారము

ముందుగా కొన్ని మాటల యర్థమును నిర్ణయించుకొనుట యవసరము. కంప్యూటరు చేయవలసిన పనిని మనుష్యుడు తనకు చదువ వీలగు భాషలో వ్రాసిన రచనకు సోర్స్ కోడ్ అని పేరు. దీనిని మేము మూలరచన యందుము. వ్యాపార సంస్థలు సామాన్యముగా మూలరచనను దాచి, దానినుండి యంత్రమునకు మాత్రమే తెలియు రూపమును తీసి విక్రయించును. 1983వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్‌మన్ ఈ పద్ధతి నెదిరించి గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. ఎవ్వరైనను వాడుకొనవచ్చును, చదివి తెలిసికొనవచ్చును, మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును అను నాలుగు స్వాతంత్ర్యములు గల సాఫ్టువేరునకు స్వేచ్ఛా సాఫ్టువేరని పేరు కలిగినది. 1998లో ఓపెన్ సోర్స్ అను పేరును వాడుకలోనికి వచ్చెను. ఈ రెండు పేర్ల వెనుక సిద్ధాంతభేదము కలదు గాని, నాయకత్వ విషయమున రెండింటి చరిత్రయు నొక్కటియే.

రెండవ మాట మెయింటెయినర్. దీనికి నిర్వాహకుడు, సంరక్షకుడు అను పర్యాయములు వాడుకలో నున్నవి. ఇతరులు పంపు మార్పులను పరిశీలించి, మంచివానిని మూలరచనలో కలిపి, చెడ్డవానిని త్రిప్పిపంపువాడితడు. తెలంగాణ గ్రామములందలి నీరటి యిచ్చట జ్ఞప్తికి వచ్చును. నీరటి చెరువునకు యజమాని కాడు; కాని తూము తెరచుట, మూయుట, వంతుల ప్రకారము పొలములకు నీరు పారించుట యతని పని. ఊరందరి పంటయు అతని మెలకువపై నాధారపడి యుండును. అయినను చెరువు ఎండినపుడో తెగినపుడో తప్ప అతని నెవ్వరును తలంపరు. సాఫ్టువేరు సంరక్షకుని స్థితియు నిట్టిదే. భేద మొక్కటి. నీరటితనము చాలయూళ్లలో వంశపరంపరగా వచ్చెడిది. సాఫ్టువేరు సంరక్షకత్వమునకు వంశక్రమము లేదు.

మూడవ మాట ఫోర్క్. ఒక మూలరచనను కాపీ చేసికొని, కొందరు వేరుగా నడుపుటకు ఈ పేరు. దీనికి పాయ యను తెలుగు మాట చక్కగా సరిపోవునని మేము భావించుచున్నాము. గోదావరి ధవళేశ్వరము దాటి గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలినను, నీరు రెండింటను గోదావరిదే. స్వేచ్ఛా సాఫ్టువేరునందు పాయ చీల్చు హక్కు ప్రతివానికిని కలదు. నాయకుని యధికారమునకు హద్దు ఈ హక్కే.

స్థాపకుని యధికారము

స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రణాళికలలో మొదటి నాయకుని నెవ్వరును ఎన్నుకొనరు. పనిని ప్రారంభించినవాడే నాయకుడగును. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రారంభించి, దానికి పెద్దయయ్యెను. నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో పైథాన్ అను భాషను నిర్మింప నారంభించి, 1991లో లోకమున కందించెను. 1995 నుండి అతనికి 'దయగల ఆజీవన నియంత' యను బిరుదు పరిహాసముగా వచ్చి, నిజముగా నిలిచిపోయినది. నియంతృత్వమునకు దయ యను విశేషణ మేల? ఇష్టము లేనివాడు మూలరచనను కాపీ చేసికొని వెడలిపోగలడు గనుక, దయ లేని నియంత యిచ్చట నొంటరివాడగును. కావున స్థాపకుని యధికారము పైకి నిరంకుశముగా దోచినను, వాస్తవమున కార్యకర్తలు అతనికి అనుదినము ఎరువిచ్చు అధికారము.

ఇచ్చట నొక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసి యున్నది. నేడు లినక్స్ మొదలగు పెద్ద ప్రణాళికలలో పనిచేయువారిలో పెక్కుమంది ఏదో యొక కంపెనీనుండి వేతనము పొందుచున్నారు గదా, ఇవి స్వచ్ఛంద సమాజములెట్లగునని యడుగవచ్చును. వేతనమిచ్చు కంపెనీ తన యుద్యోగిని శాసింపగలదు. ప్రక్క కంపెనీ యుద్యోగినిగాని, ఇంటివద్ద తీరికవేళ పనిచేయువానినిగాని శాసింపజాలదు. అందరికిని పైవాడెవ్వడును లేడు. కావున సమష్టి కార్యము ఇప్పటికిని స్వచ్ఛందమే.

స్థాపకుని యధికారమునకు మన ప్రాంతమునను దృష్టాంతము కలదు. హుజూరాబాదు పరిసరములందు, అప్పటి కరీంనగరు జిల్లాలోనిదై నేడు హనుమకొండ జిల్లాలో చేరియున్న ముల్కనూరున, 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారి చొరవచే సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగు సంఘము స్థాపితమైనది. రైతులకు అప్పులిచ్చుట, ఎరువులు విత్తనములు సమకూర్చుట, పంటను కొని విక్రయించుట దాని పనులు. సహకార సంఘమున వాటాలెన్ని యున్నను సభ్యునికి ఓటొక్కటే. పాలకవర్గమును సభ్యులే యెన్నుకొందురు. స్థాపకునిపై రైతుల విశ్వాసము సంఘమునకు వేరు. సభ్యుల ఓటు దానికి కాండము. ఆ రెండును ఉన్నందుననే స్థాపకుని యనంతరమును ఆ సంఘము నిలిచి దేశమున పేరొందినది. స్థాపకునిపై విశ్వాసమొక్కటియే యున్న సంస్థ అతనితోనే క్షీణించును. ఈ భేదమే మా పరిశీలనకు కీలకము.

ఏటేట ఎన్నిక: డెబియన్

స్వేచ్ఛా సాఫ్టువేరు లోకమున ఎన్నిక పద్ధతిని అందరికంటె ముందుగా, అందరికంటె దృఢముగా నెలకొల్పినది డెబియన్ ప్రణాళిక. 1993 ఆగస్టు 16వ తేదీన అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థియగు ఇయన్ మర్డాక్ దీనిని ప్రకటించెను. 1996లో అతడు తొలగుచు బ్రూస్ పెరెన్స్‌ను తన తరువాతి నాయకునిగా నియమించెను. ఇంతవరకు సంక్రమణము రాజరికపు పద్ధతినే జరిగినది: ముందువాడు వెనుకవానికి పట్టము గట్టెను. 1998లో ఇయన్ జాక్సన్ నాయకుడైన పిదప, ఆ సంవత్సరము డిసెంబరున డెబియన్ సభ్యులు ఒక రాజ్యాంగమును ఆమోదించిరి. అప్పటినుండి నాయకుని పదవి యొక్క సంవత్సరమే. ఏటేట సభ్యులు ఎన్నుకొందురు. సభ్యుల సంఖ్య దాదాపు వేయి. వారు పలు దేశములందు చెల్లాచెదరుగా నుందురు. ఓటును ఎలక్ట్రానిక్ జాబు ద్వారా పంపుదురు.

ఆ రాజ్యాంగమున రెండంశములు విశేషముగా గమనింపదగినవి. ప్రణాళికకై పనిచేయవలెనని యెవ్వరిని నిర్బంధించుటకును అందు వీలులేదని స్పష్టముగా చెప్పబడినది. నాయకుడు ప్రతినిధులను నియమింపవచ్చును, చర్చలను నడిపింపవచ్చును, ధనవ్యయము విషయమున నిర్ణయములు చేయవచ్చును. 'ఈ పని నీవు చేయుము' అని మాత్రము ఆజ్ఞాపింపజాలడు. ఇక సభ్యులు సాధారణ తీర్మానము ద్వారా నాయకుని నిర్ణయమును త్రోసివేయగలరు, నాయకునే తొలగింపగలరు.

ఓటు పద్ధతియు ఆసక్తికరము. సభ్యుడు ఒక్కని పేరు మాత్రమే గుర్తింపడు; అభ్యర్థులందరిని తన యిష్టానుక్రమమున వరుస పెట్టును. అటుపిమ్మట ప్రతి యిద్దరిని జోడుగా దీసికొని, వారిలో నెవ్వరి నెక్కువమంది ముందుంచిరో లెక్కింతురు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పండితుడు కొండోర్సే ప్రతిపాదించిన సూత్ర మిది. ఓటు పత్రమున 'పైవారెవ్వరును కారు' అను పంక్తియు ఎల్లప్పుడు నుండును. దానికంటె వెనుకబడిన అభ్యర్థి, ఒంటరిగా నిలిచినను, గెలువజాలడు. ఈ పద్ధతిచే ఒక వర్గమునకు మిక్కిలి ప్రియుడై, మరియొక వర్గమునకు మిక్కిలి యప్రియుడైనవానికంటె, అందరికిని సమ్మతుడగువాడు గెలుచుట సులభమగును. ఓడినవారు సంస్థను వదలి పోగల స్వేచ్ఛ యున్నచోట ఇట్టి పద్ధతియే తగినది.

డెబియన్ చరిత్రలో 2019వ సంవత్సరము గుర్తుంచుకొనదగినది. నామినేషన్ల గడువు ముగియునప్పటి కొక్కరును ముందునకు రాలేదు. నియమము ప్రకారము గడువొక వారము పొడిగింపబడెను. పిదప పలువురు నిలువగా శామ్ హార్ట్‌మన్ ఎన్నికయ్యెను. నాయకుడే లేకపోయినచో ఎవ్వరు పని నడుపవలెనో కూడ రాజ్యాంగమున ముందే వ్రాసి యుండుటచే గందరగోళము కలుగలేదు. ఈ యెన్నికలందు భారతీయులకును భాగము కలదు. కేరళకు చెందిన శ్రుతి చంద్రన్ 2020లో, 2021లో, మరల 2024లో నాయకత్వమునకు పోటీచేసిరి. 2023లో డెబియన్ వారి సాంవత్సరిక సమావేశము కొచ్చిన్ నగరమున జరిగినది.

మన పూర్వదృష్టాంతము: ఆంధ్ర మహాసభ

ఏటేట నాయకుని మార్చుకొను స్వచ్ఛంద సంస్థ తెలంగాణమునకు క్రొత్త కాదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభయందు అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభికులు కొందరు ఎగతాళి చేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అది పెరిగి 1930లో ఆంధ్ర మహాసభగా జోగిపేటలో తొలిమారు సమావేశమైనది. అధ్యక్షులు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1931లో దేవరకొండయందు బూర్గుల రామకృష్ణారావుగారు, 1934లో ఖమ్మమున పులిజాల వేంకటరంగారావుగారు, 1935లో కరీంనగరు జిల్లాలోని సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షత వహించిరి. 1944 వరకు జరిగిన పదునొకండు మహాసభలకు తొమ్మండుగురు అధ్యక్షులైరి. కొండా వేంకటరంగారెడ్డిగారును, రావి నారాయణరెడ్డిగారును మాత్రమే రెండేసి మారులు ఆ స్థానము నలంకరించిరి. వారును వరుస సభలందు కాదు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించున దేమనగా, అధ్యక్షపదవి మారుచుండినను కార్యకర్తలు మారలేదు. ప్రతాపరెడ్డిగారు అధ్యక్షపదవి దిగిన పిదప గోలకొండ పత్రిక ద్వారా ఉద్యమమునకు వాణియై నిలిచిరి. హనుమంతరావుగారు అధ్యక్షులు కాకముందును, అయిన తరువాతను సంస్థకు ఊపిరిగా నుండిరి. మాజీ యధ్యక్షుడు సంస్థను వీడి పోడు; తిరిగి పంక్తిలో కూర్చుండును. పదవి గౌరవచిహ్నముగా గాక వంతుగా భావింపబడినచో సంక్రమణము సుకర మగునని దీనివలన తెలియుచున్నది. నిజాము రాజ్యమున సభలకే అనుమతి దొరకని దినములలో, ప్రభుత్వబలము లేక, ధనబలము లేక నడచిన సంస్థ యిది. ఒక్కనిపైననే ఆధారపడి యుండినచో, ఆ యొక్కనిని నిర్బంధించిన దినముననే అది యణగిపోయెడిది.

సభ్యులే రాజ్యాంగము వ్రాసికొనుట: పైథాన్

డెబియన్ ముందే నియమము వ్రాసికొన్నది. పైథాన్ నాయకుడు తొలగిన తరువాత వ్రాసికొన్నది. 2018లో ఆ భాషకు ఒక క్రొత్త గుర్తును చేర్చు ప్రతిపాదనపై తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. గైడో వాన్ రోసమ్ ప్రతిపాదనను ఆమోదించెను. కాని యా తగవుచే విసిగి, ఆ సంవత్సరము జూలై 12వ తేదీన తాను నియంతపదవినుండి తొలగుచున్నానని ప్రకటించెను. తన వారసు నెవ్వరిని పేర్కొనలేదు. మీ పాలనావిధానమును మీరే నిర్ణయించుకొనుడని సహచరులకు వదలివేసెను.

పట్టము గట్టకుండ తొలగుట మొదట బాధ్యతారాహిత్యముగా దోచును. ఆలోచించినచో అది యతడు చేసిన యుత్తమమైన పనులలో నొకటి. అతడొకని నియమించి యుండినచో, ఆ నియమితునకు గైడో యొక్క పేరు మాత్రమే బలముగా నుండెడిది. స్థాపకునిపై గల విశ్వాసము వారసునకు బదిలీ కాదు. నాయకులు లేని యా నెలలలో సభ్యులు తొందరపడలేదు. ముందు ఎవ్వరు నాయకులు కావలెనను ప్రశ్నను వేయక, ఏ విధమున నాయకులను ఎన్నుకొనవలెనను ప్రశ్నను వేసిరి. ఏకనాయకత్వము, సంఘనాయకత్వము మొదలగు పలు విధానములు లిఖితరూపమున ప్రతిపాదితములైనవి. 2018 డిసెంబరున ఓటు జరుగగా, నతానియల్ స్మిత్, డొనాల్డ్ స్టఫ్ట్ అనువారు ప్రతిపాదించిన పద్ధతి గెలిచినది. దాని ప్రకారము ఐదుగురు సభ్యులు గల పాలకసంఘ మేర్పడును; భాష యొక్క ప్రతి ముఖ్య సంచిక వెలువడిన పిదప క్రొత్త యెన్నిక జరుగును; ఒకే యజమాని వద్ద పనిచేయువారు అందు ఇద్దరికి మించరాదు; మూడింట రెండు వంతులు కోరినచో సభ్యుని తొలగింపవచ్చును. 2019 ఫిబ్రవరిలో మొదటి సంఘము ఎన్నికయ్యెను. ఆ యైదుగురిలో గైడోయు నొకడు. నియంతగా నుండినవాడు ఐదింట నొక ఓటు గలవాడై కూర్చుండెను. తరువాతి యెన్నికలో పోటీనుండి తప్పుకొనెను. మాజీ యధ్యక్షులు పంక్తిలో కూర్చుండుటను గూర్చి పైని చెప్పినది ఇచ్చటను కానవచ్చుచున్నది.

ఒకే యజమానికి చెందినవారు ఇద్దరికి మించరాదను నియమము మిక్కిలి దూరదృష్టి గలది. బయటి శక్తి సంస్థను స్వాధీనము చేసికొనుట కది యడ్డుకట్ట. మన సహకారోద్యమ చరిత్ర తెలిసినవారికి దీని విలువ సులభముగా బోధపడును. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టము క్రింద ప్రభుత్వము ఎన్నికైన పాలకవర్గములను తొలగించి తన యధికారులను నియమింపగలిగి యుండెను. సభ్యులది సొమ్ము, పెత్తనము మరియొకరిది. ఆ స్థితిని మార్చుటకై 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చినది. ప్రభుత్వపు వాటాధనము లేని సంఘములు తమ యెన్నికలను తామే జరుపుకొను వీలు దానిచే కలిగెను. 2000లో ముల్కనూరున స్త్రీలు స్థాపించుకొన్న పాడి సహకార సంఘము, స్వకృషి యను పేరుతో పాలు విక్రయించునది, ఆ చట్టపు నీడలో పెరిగినదే. గ్రామ సంఘములందు పాలు పోయు స్త్రీలే తమ నాయకురాండ్రను ఎన్నుకొందురు. పనిచేయువారే పెద్దను నిర్ణయించుకొనవలెనను సూత్రము పైథాన్ కెట్లో పాలకేంద్రమునకు నట్లే.

పాయలు చీలుట

ఎన్నిక యున్నంతమాత్రమున చీలిక తప్పునని యనుకొనరాదు. ఆంధ్ర మహాసభయందు ఏటేట అధ్యక్షుని నిర్ణయించు సంప్రదాయ ముండియు, 1944లో భువనగిరి సభతో మితవాదులు, వామపక్షమువారు వేరైరి. అచ్చట తగవు అధ్యక్షుడెవ్వడను విషయమున మాత్రమే కాదు. సంస్థ యెవరికొరకు, దేనికొరకు అను విషయమున. సభ్యత్వ రుసుమును ఒక అణాకు తగ్గించుటచే సామాన్యరైతు లోనికి రాగా, సంస్థ స్వరూపమే మారినది. ఇట్టి గమ్యభేదమును ఏ యోటు పద్ధతియు పరిష్కరింపజాలదు.

సాఫ్టువేరునందును ఇదియే స్థితి. 2010లో ఒరాకిల్ కంపెనీ సన్ కంపెనీని కొనగా, ఓపెన్ ఆఫీసు అను కార్యాలయ సాఫ్టువేరు దాని చేతిలోనికి పోయెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కార్యకర్తలలో పెక్కుమంది విడివడి లిబ్రే ఆఫీసు అను పాయను ప్రారంభించి, సభ్యులు ఎన్నుకొను పాలకవర్గము గల సంస్థను నెలకొల్పిరి. కాలక్రమమున ప్రవాహమంతయు ఆ పాయనే చేరినది; నేడు లిబ్రే ఆఫీసు తెలుగున కూడ లభించుచున్నది. మరియొక రీతి గలదు. 1997లో గ్నూ కంపైలరునుండి, నిర్వాహకులు మార్పులను త్వరగా స్వీకరించుట లేదని విసిగినవారు ఒక పాయను చీల్చిరి. ఆ పాయ బలపడగా, 1999లో మూలసంస్థయే దానిని తన ప్రధానప్రవాహముగా నంగీకరించెను. విడిపోయినవారు నాయకులై తిరిగివచ్చిరి. కావున చీలిక యెల్లప్పుడు నాశనము కాదు. కొన్నియెడల నాయకత్వమును మార్చుటకు మిగిలిన తుది యుపాయ మదియే.

నియమము లేని సంక్రమణము: ఎక్స్‌జెడ్ ఉదంతము

పైవన్నియు బహిరంగముగా, చర్చాపూర్వకముగా జరిగిన సంక్రమణములు. ఎవ్వరును గమనింపకుండ జరిగిన సంక్రమణమునకు ఎక్స్‌జెడ్ ఉదాహరణము. దస్తరములను కుదించి చిన్నవిగా చేయు చిన్న పనిముట్టది. లోకమందలి లెక్కలేనన్ని లినక్స్ యంత్రములు దానిని వాడుచున్నవి. దానిని చిరకాలముగా ఒక్క సంరక్షకుడే తీరికవేళలలో కాపాడుచుండెను. 2021లో జియా టాన్ అను పేరుతో నొకరు వచ్చి ఉపయోగకరమైన మార్పులు పంపసాగిరి. 2022లో మరికొన్ని యపరిచిత నామములనుండి, పని మందగించినది, క్రొత్త సంరక్షకుని చేర్చుకొనుమని మూలసంరక్షకునిపై జాబుల ద్వారా ఒత్తిడి వచ్చినది. అలసియున్న యతడు క్రమముగా ఆ సహాయకునకు అధికారము లప్పగించెను. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన సంచికలలో ఆ సహాయకుడు ఒక దొంగదారిని చేర్చెను. దాని మూలమున యంత్రములలోనికి పరులు ప్రవేశింపగలిగెడివారు. యంత్రము అరసెకను ఆలస్యముగా పలుకుచున్నదని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు కారణము వెదకి, 2024 మార్చి 29వ తేదీన ఈ మోసమును బయటపెట్టెను. కొద్దివారములు గడచినచో ఆ సంచిక ప్రధాన లినక్స్ పంపిణీలన్నింటికిని వ్యాపించెడిది.

ఇందు దోషము అలసిన సంరక్షకునిదని మేము తలంపము. అతని పనిచే లాభము పొందిన కంపెనీలు అనేకములు; అతనికి తోడు నిలిచినవారు లేరు. ఊరందరు చెరువు నీటిని వాడుకొని, నీరటి యొంటరిగా తూము మోయలేకున్నాడని యెరిగియు ఊరకుండి, ఎవ్వడో బాటసారి 'నేను కాచెదను' అనగా సంతసించినట్లున్నది. నాయకత్వ నిర్ణయము చిన్న సంస్థలకు అనవసరమను భ్రమను ఈ యుదంతము తొలగించినది. సంస్థ యెంత చిన్నదైన సంక్రమణమంత గుప్తముగా జరుగును. గుప్తమైన కొలది ప్రమాదము.

తెలుగునాట నేటి స్థితి

ఈ పరిశీలన నంతయు తెలుగునకు అన్వయించి చూతము. 2003 డిసెంబరు 10వ తేదీన తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. దానికి ఆద్యులు వెన్న నాగార్జునగారు. తెలుగు లిప్యంతరీకరణమునకై పద్మ యను సాఫ్టువేరును నిర్మించినవారు. స్థాపకు లొక్కరే యైనను సంస్థ యొక్కరిపై నిలువలేదు. నేడు లక్షకు మించిన వ్యాసములు గల యా విజ్ఞానసర్వస్వమున నిర్వాహకులను సభ్యుల చర్చ ద్వారా నిర్ణయింతురు. అభ్యర్థిత్వము బహిరంగముగా ప్రకటింపబడును. అనుకూలురు, ప్రతికూలురు కారణములు వ్రాయుదురు. ఆ చర్చ యంతయు చెరగక నిలిచి యుండును. వికీమీడియా ప్రణాళికలందు చిరకాలము పనిచేయని నిర్వాహకుల యధికారములను ఉపసంహరించు పద్ధతియు కలదు. కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల గ్రామచరిత్రలను వ్రాయగోరు యువకుడు రేపు అందు సభ్యుడై, పనిచేసి, విశ్వాసము గడించి, నిర్వాహకుడు కాగలడు. పుట్టుకయు, పట్టమును, సిఫారసును అక్కరలేదు.

కాని యిట్టి క్రమము అన్ని తెలుగు ప్రణాళికలకును లేదు. లిపి మార్పిడి పనిముట్లు, ఖతులు, నిఘంటువులు, సాఫ్టువేరు తెలుగు అనువాదములు మొదలగువానిలో చాలవరకు ఒక్కరో, ఇద్దరో ప్రేమతో చేసినవి. చేసినవారికి ఉద్యోగము మారును, సంసారభారము పెరుగును, వయసు మీరును. వారి తరువాత తాళపుచెవి యెవరి చేతికో వ్రాసిపెట్టిన కాగితము లేదు. మూలరచన బహిరంగముగా నున్నచో మరియొకరు తిరిగి ప్రారంభింపవచ్చును; బహిరంగముగా లేనిచో ఆ కృషి కర్తతోనే యంతరించును. మూలరచన బహిరంగముగా నుండుటయే చాలదు. దానిని చదువగలవారు, చేపట్టగలవారు, చేపట్టుటకు ఆహ్వానింపబడినవారు ఉండవలెను.

ఫలితార్థము

ఈ చరిత్రనుండి మేము గ్రహించిన ఫలితమును సంగ్రహముగా చెప్పెదము. స్వచ్ఛంద సమాజమున అధికారము ఎరువు సొమ్ము. ఆ సొమ్మును స్థాపకుడు వారసునకు వీలునామాగా వ్రాసి యీయజాలడు. ఇచ్చినవారే మరల ఇయ్యవలెను. కావున ఎవ్వరు నాయకులను ప్రశ్నకంటె ఎట్లు నాయకులను ప్రశ్న ముందుగా పరిష్కృతము కావలెను. స్థాపకుడు శక్తిమంతుడై, అందరి ప్రేమకు పాత్రుడై యున్న దినములే ఆ నియమమును వ్రాసికొనుటకు తగిన కాలము. అప్పుడే ఆ చర్చ ఎవ్వరిపైనను అవిశ్వాసముగా పరిణమింపదు. అతడు అలసిన పిదప వ్రాయబూనినచో పైథాన్ వలె కొన్ని నెలలు నాయకులు లేక గడపవలసి వచ్చును, అదియు సుకృతమే. అసలే వ్రాయనిచో ఎక్స్‌జెడ్ వలె ముఖమెరుగనివాడు తూము చేపట్టును.

పదవి దిగినవానికి గౌరవముతో కూర్చుండుటకు పంక్తిలో చోటుండవలెను. ఆంధ్ర మహాసభ పెద్దలును, గైడోయు ఈ విషయమున మార్గదర్శకులు. చోటు లేనిచో ఎవ్వడును పదవి దిగడు. దిగినవాడు తిరిగి రాడు.

తెలుగు భాషా ప్రణాళికలను నడుపువారు ఈ విషయమును వాయిదా వేయకుందురు గాక యని మా కోరిక. ప్రతి ప్రణాళికకును కనీస మిద్దరు సంరక్షకులు, ఒక చిన్న లిఖిత నియమావళి, సంవత్సరమున కొకమారు సభ్యుల సమావేశము చాలును. విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలును తమ విద్యార్థులను ఈ పనులకు పంపవలెను. తాళపత్ర పరిష్కరణము పరిశోధన యైనట్లే తెలుగు ఖతిలోని దోషమును సవరించుటయు, తెలుగు పదకోశమును నిలబెట్టుటయు పరిశోధనయే. నేడు సహాయకుడుగా చేరిన విద్యార్థియే రేపటి సంరక్షకుడు. నాయకుని ఎన్నుకొను దినమున వెదకినచో నాయకుడు దొరకడు. అంతకుముందు పదియేండ్లు పనిచేసినవారిలోనే దొరకును.